చెరువు కట్ట మీద పక్షుల లెక్క: ఈబర్డ్‌తో నా అనుభవం

చెరువు దగ్గర పక్షుల్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తున్నారు. చూడ్డానికి బాగుంటాయి, కానీ ఆ ఫొటోలతో ఆ చెరువులో పక్షులు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో ఎవరూ చెప్పలేరు. అదే మనిషి కట్ట మీద అరగంట ఉండి, కనిపించిన ప్రతి కాకినీ గోరువంకనూ కూడా లెక్కలో వేసి, ఎప్పుడు మొదలుపెట్టాడో, ఎంతసేపు చూశాడో, ఎంత దూరం నడిచాడో రాస్తే అది పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. మా బృందం నెలనెలా చెరువుల మీద ఈ లెక్క రాస్తుంది. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడ చెడుతుందో ఇక్కడ రాస్తున్నాను.

మేం వాడేది ఈబర్డ్, చూసిన పక్షుల లెక్కను రాసి పంపే వెబ్‌సైటు, యాప్. అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, నేషనల్ ఆడుబన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి. భారతదేశానికి ప్రత్యేక పోర్టల్ 2014లో వచ్చింది, దాన్ని పక్షి వీక్షకుల సంస్థల కూటమి బర్డ్ కౌంట్ ఇండియా నడుపుతోంది. యాప్ ఉచితం. ఇన్‌స్టాల్ చేశాక ఇంటి దగ్గరే, వైఫై ఉండగానే మన ప్రాంతానికి సంబంధించిన పక్షుల ప్యాక్ దించుకోవాలి. చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) సిగ్నల్ ఉండదు. ప్యాక్ ఉంటే నెట్ లేకపోయినా లిస్టు రాసుకోవచ్చు, ఇంటికొచ్చాక పంపొచ్చు. రెండో పని: ఫోన్ సెట్టింగుల్లో ఈ యాప్‌కు బ్యాటరీ పొదుపు ఆపేయాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తెర ఆరిపోగానే వెనకాల నడిచే జీపీఎస్‌ను చంపేస్తాయి. అప్పుడు మనం కట్ట వంపు తిరిగి నడిచినా మ్యాపులో గీత నీళ్ల మీదుగా సూటిగా పోతుంది, దూరం తక్కువ పడుతుంది.

లిస్టు పంపేటప్పుడు యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ ఇందులో రాశారా? దీనికి అవును అంటే అది పూర్తి లిస్టు. ఈ ఒక్క జవాబు మీదే మొత్తం విశ్లేషణ నడుస్తుంది. పూర్తి లిస్టులో పాలపిట్ట పేరు లేదంటే ఆ గంటలో అక్కడ పాలపిట్ట మీకు కనపడలేదని అర్థం. సున్నా అని రాయనక్కర్లేదు, రాయకపోవడమే సున్నా. నచ్చిన నాలుగు పక్షుల్ని మాత్రమే రాసి అవును అని నొక్కితే, రాయని ప్రతి పిట్టకూ ఒక దొంగ సున్నా చేరుతుంది. కాకుల్నీ పావురాల్నీ రాయడానికి బద్ధకించేవాళ్లు చేసే నష్టం ఇదే.

పాలపిట్ట సంగతే చూడండి. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మనవాళ్లంతా వెతుకుతారు. చూసినవాళ్లు చూశామని చెప్పే సమాచారం మాత్రమే ఉంటే ప్రతి దసరాకూ పాలపిట్టలు పెరిగినట్టే తేలుతుంది. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది, దాని వెనక 30 వేల మంది పక్షి వీక్షకులు పంపిన 3 కోట్ల రికార్డులున్నాయి. పాలపిట్ట దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గిందనీ, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాని స్థితిని మళ్లీ మదింపు చేయాలనీ అందులో ఉంది. పూర్తి లిస్టుల్లో ఎన్నిట్లో పాలపిట్ట ఉంది, ఎన్నిట్లో లేదు అన్న నిష్పత్తిని ఏళ్ల వెంట పోల్చబట్టి ఆ మాట చెప్పగలిగారు. ఎవరూ పాలపిట్ట కోసం వెళ్లని మామూలు ఉదయాల లిస్టులే దానికి ఆధారం.

లెక్కకు వెళ్లే ముందు రోజే చెరువును ముక్కలుగా విడగొట్టుకుంటాం. తూము నుంచి మత్తడి (అలుగు) దాకా ఒకటి, మత్తడి అవతల తుంగ పెరిగిన మూల ఒకటి, శిఖం వైపు బురద ఒకటి. ప్రతి ముక్కకూ కదలని గుర్తు ఉండాలి: తాటిచెట్టు, గుడి, కరెంటు స్తంభం. గుర్రపుడెక్కను గుర్తుగా పెట్టుకోకూడదు, గాలి తిరిగితే అది అవతలి ఒడ్డుకు పోతుంది. ఎండ వీపు మీద పడేట్టు నిలబడే చోటు చూసుకోవాలి. సూర్యుడు ఎదురుగా ఉంటే నీళ్ల మీద ప్రతి బాతూ నల్లగానే కనిపిస్తుంది. అందుకే పొద్దున తూర్పు ఒడ్డు, సాయంత్రం పడమటి ఒడ్డు. బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10 రెట్లవి కొత్తవాళ్ల చేతుల్లో వణుకుతాయి, మందను లెక్కపెట్టడానికి అవి పనికిరావు. పెద్ద చెరువైతే ముక్కాలిపీట మీద ఒక స్పాటింగ్ స్కోప్ ఉంటే అవతలి ఒడ్డు కూడా లెక్కకు వస్తుంది.

లిస్టు మొదలుపెట్టాల్సింది కట్ట ఎక్కాకే. ఊరి బస్టాండులో టీ తాగుతూ స్టార్ట్ నొక్కితే టీకొట్టు దగ్గరి పిచ్చుకలు కూడా చెరువు పక్షులైపోతాయి. చోటు ఎంచుకోవడం దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ. తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఒక చెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు పోతాయి, మధ్య దూరం ఒక్కోసారి కిలోమీటరు కూడా ఉండదు. యాప్ దగ్గర్లో ఉన్న హాట్‌స్పాట్ (అందరూ లిస్టులు పంపే ఉమ్మడి చోటు) పేరు చూపిస్తుంది, చూడకుండా దాన్నే నొక్కేస్తారు. పై చెరువు లెక్క కింది చెరువు ఖాతాలో పడుతుంది. ఒకదాంట్లో నీళ్లుండి రెండోది ఎండిన ఏడాది ఈ పొరపాటు వల్ల ఎండిన చెరువులో వందల బాతులు ఈదుతాయి. మీ చెరువు పేరు జాబితాలో లేకపోతే మ్యాపులో కట్ట మీద పిన్ను గుచ్చి సొంత చోటుగా పెట్టుకోండి. తర్వాత వెబ్‌సైటులో దాన్ని హాట్‌స్పాట్‌గా సూచించవచ్చు, ఒక ఎడిటర్ చూసి ఒప్పుకుంటారు. ఒక్క పని మాత్రం చేయకండి: జిల్లానో మండలాన్నో మొత్తంగా చోటుగా ఎంచుకోవడం. ఆ లిస్టుతో ఏ చెరువుకూ ఏమీ తేలదు.

లిస్టు ఏ రకమో కూడా యాప్‌కు చెప్పాలి. కదలకుండా ఒకే చోట నిలబడి చూస్తే స్టేషనరీ. 30 మీటర్ల లోపు అటూ ఇటూ తిరగడం అందులోకే వస్తుంది. అంతకన్నా నడిస్తే ట్రావెలింగ్. బైకు మీద పోతూ దారిలో ఒక డేగను చూసి రాస్తే ఇన్సిడెంటల్, అది పూర్తి లిస్టు కాదు. ట్రావెలింగ్ లిస్టులో అందరూ తడబడేది దూరం దగ్గరే. కట్ట పొడవు 1.2 కిలోమీటర్లు, చివరి దాకా వెళ్లి అదే దారిన వెనక్కి వస్తే ఫోను 2.4 అని చూపిస్తుంది. ఈబర్డ్ అడిగేది ఒకవైపు దూరం, అంటే 1.2. దాన్ని చేత్తో సరిచేయాలి. ఇంతకన్నా తేలిక పద్ధతి ఉంది, కట్ట చివరికి చేరగానే లిస్టు ముగించి ఫోను జేబులో పెట్టేయడం. వెనక్కి వచ్చేటప్పుడు అవే పక్షులు మళ్లీ కనిపిస్తాయి, రెండోసారి లెక్కలో పడకుండా ఉంటాయి. ఎనిమిది కిలోమీటర్లు దాటిన లిస్టును చాలా విశ్లేషణలు పక్కన పెడతాయి. మేం కిలోమీటరు, గంట దాటనివ్వం. ఇంకా తిరగాలనుంటే కొత్త లిస్టు మొదలుపెడతాం. కేరళలో 2015 నుంచి 2020 దాకా జరిగిన బర్డ్ అట్లాస్ 15 నిమిషాల చిన్న లిస్టుల మీదే నడిచింది. పొట్టి లిస్టులు ఎక్కువ ఉండటం పొడుగు లిస్టు ఒకటి ఉండటం కన్నా మేలు.

ఇక లెక్క. పది పన్నెండు కొంగలుంటే ఎవరైనా లెక్కపెడతారు, అసలు పరీక్ష మందల దగ్గర. చలికాలంలో చెరువు మధ్యలో బొల్లికోళ్లూ బాతులూ కలిసి నల్లటి చాపలా తేలుతుంటాయి. ముందు ఒక అంచున పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటికి అలవాటు చేసుకోవాలి. అదే పరిమాణంలో మంద వెంట జరుపుకుంటూ పది, ఇరవై, ముప్పై అని పోవాలి. మంద ఐదు వందలు దాటేట్టుంటే యాభై పక్షుల ముక్కతో జరపాలి. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటాయి కాబట్టి ముక్క కొలతను రెండు చోట్లా మార్చుకోవాలి. ఈ ఒక్క సవరణ మరిచినవాళ్ల అంకె ఎప్పుడూ తప్పుతుంది. కొత్తవాళ్లు పెద్ద మందను తక్కువగానే అంచనా వేస్తారు, ఎక్కువ వేసేవాళ్లు అరుదు.

మా దగ్గర ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, అంకె కాగితం మీద రాశాకే ఒకరికొకరు చెప్పుకుంటారు. ముందే నోరు జారితే రెండోవాళ్ల అంకె దాని దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఐదో వంతుకు మించి తేడా వస్తే మళ్లీ లెక్క. అంచనా 340 అని వస్తే 340 అనే రాస్తాం, 300 అని గుండ్రం చేయం. లిస్టులో ఆ జాతి పక్కన వ్యాఖ్య పెట్టే చోటు ఉంటుంది, అక్కడ 'పదులుగా లెక్కపెట్టాం' అని రాస్తాం. అంకె బదులు ఎక్స్ అని పెట్టే వెసులుబాటు కూడా ఉంది, అంటే ఉంది కానీ ఎన్నో లెక్కపెట్టలేదని. ఎక్స్‌తో సంఖ్యల విశ్లేషణ సాగదు. తప్పుగా వేసిన అంచనా అయినా ఎక్స్ కన్నా నయమే, కాకపోతే నిజాయితీగా వేయాలి.

మంద లేచి గిరగిరా తిరుగుతుంటే లెక్క ఆపేయండి, దిగేదాకా ఆగండి. ఒకే దిశలో వరసగా ఎగిరిపోతుంటే మాత్రం వరసకు ఎదురుగా చూపు జరుపుతూ లెక్కపెట్టొచ్చు. రెండు బృందాలు రెండు ఒడ్డుల మీదుంటే అసలు చిక్కు మొదలవుతుంది. ఈ ఒడ్డున కుక్క మొరిగితే లేచిన మంద ఆ ఒడ్డున దిగి రెండు లిస్టుల్లోనూ చేరుతుంది. దీనికి విరుగుడు సమయం కుదుర్చుకోవడం. రెండు బృందాలూ ముందు బాతుల్ని, ఒకే పది నిమిషాల్లో లెక్కపెట్టి ముగించాలి. గట్టు మీది పిట్టలూ చెట్ల మీది పిట్టలూ ఎక్కడికీ పోవు, వాటిని తర్వాత చూసుకోవచ్చు. మంద లేచిన నిమిషం, పోయిన దిక్కు ఫోన్లో చెప్పుకోవాలి.

ఏ పక్షో తేలకపోతే తేలినంతవరకే రాయాలి. చిన్న నీటికాకా, ఇండియన్ కార్మొరెంటా అన్నది దూరం నుంచి చెప్పలేకపోతే ఆ రెండు పేర్లూ గీతతో కలిపి ఉన్న ఎంట్రీ ఒకటి ఉంటుంది, దాన్నే ఎంచుకోవాలి. బురదలో పరిగెత్తే ఉల్లంకి పిట్టలైతే సాండ్‌పైపర్ జాతి అని వదిలేయొచ్చు. తెల్లకొంగల్ని కాస్త ఓపిగ్గా చూడాలి. నల్లకాళ్లకు పసుప్పచ్చని పాదాలుంటే లిటిల్ ఎగ్రెట్. పెద్దదాన్నీ మధ్యరకాన్నీ విడదీయడానికి నోటి చీలిక చూడాలి: అది కంటి వెనక్కి దాటిపోతే గ్రేట్ ఎగ్రెట్, కంటి దగ్గరే ఆగితే మధ్యరకం. ఎత్తు చూసి చెప్పేవాళ్లను నమ్మకండి, పక్కన ఇంకో కొంగ లేకపోతే ఎత్తు తెలియదు.

కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లోని ధ్వని గుర్తింపు ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఉంది. ఎటు చూడాలో చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. అది చూపించిన పేర్లన్నిటినీ లిస్టులోకి ఎక్కించడం మాత్రం కూడదు. చీలిన తోకతో నల్లగా ఉండే మన పసుల పోలిగాడు జాలెడేగ కూతను అనుకరించి, గోరువంకలు బెదిరి లేస్తే వాటి నోటి దగ్గరి పురుగు కాజేస్తుంది. గోరువంకే మోసపోయే కూతకు ఫోను మోసపోదని అనుకోవడానికి లేదు. మీరు చెవితో గుర్తుపట్టిందో, కంటితో చూసిందో మాత్రమే రాయండి.

మనుషుల సంగతి. నలుగురైదుగురికి ఒక ఫోను చాలు. ఒకరు రాయాలి, మిగతావాళ్లు చూసి అంకెలు చెప్పాలి. రాసేవాళ్ల చేతికి బైనాక్యులర్ ఇవ్వకండి, రెండూ చెడతాయి. పరిశీలకుల సంఖ్య అన్న చోట చూస్తూ లెక్కపెడుతున్నవాళ్లనే వేయాలి, కట్ట మీద ఆడుకుంటున్న పిల్లల్ని కాదు. ముగిశాక ఆ ఒక్క లిస్టును మిగతా సభ్యులకు షేర్ చేయాలి. వాళ్లు అంగీకరించగానే వాళ్ల ఖాతాలోకీ చేరుతుంది, విశ్లేషణలో మాత్రం అన్నీ కలిపి ఒక్కటిగానే లెక్క. ఇది తెలియక కాలేజీ విద్యార్థులు ఇరవై మంది ఒకే నడకను ఇరవై లిస్టులుగా పంపితే ఆ రోజు ఆ చెరువులో కనిపించిన అరుదైన పిట్ట ఇరవైసార్లు కనిపించినట్టవుతుంది. బడిపిల్లలకు విడి ఖాతాలు అక్కర్లేదు, టీచర్ ఖాతా ఒకటి సరిపోతుంది. ఆడపిల్లలు రోజూ ఒకే వేళకు ఒకే చోటికి వెళ్తుంటే ఆ సంగతి బహిరంగంగా కనిపించకుండా పేరు దాచుకునే సెట్టింగు ఉంది. లిస్టును అక్కణ్నుంచి బయల్దేరాకే పంపాలి.

చేపలు పట్టే పెద్దలతో కూర్చుంటే వచ్చే సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు. ఏ నెలలో ఏ మూల మంద దిగుతుంది, పెలికాన్లు వలల మీద ఎప్పుడు పడతాయి, ఏ ఏడు నీళ్లు త్వరగా ఇంకిపోయాయి, అన్నీ వాళ్లకు తెలుసు. కానీ 'నిరుడు మస్తుగ వచ్చినయ్' అన్న మాటను లిస్టుగా మార్చొద్దు. తేదీ, వేళ తెలియని మాట నోట్‌బుక్‌లో ఉండాలి, దాన్నిబట్టి ఎప్పుడు వెళ్లాలో మనం నిర్ణయించుకోవాలి. పాత డైరీల్లో తేదీతో సహా రాసుకున్నవి ఉంటే వాటికి హిస్టారికల్ అనే వేరే రకం ఉంది.

లిస్టు పంపాక అందరికీ కోపం తెప్పించే ఘట్టం వస్తుంది. ప్రతి ప్రాంతానికీ నెలవారీగా ఏ జాతి ఎంతవరకు ఉండొచ్చో నిపుణులు పెట్టిన హద్దులుంటాయి. హిమాలయాలు దాటి చలికాలంలో వచ్చే బార్‌హెడెడ్ గూస్‌ను జూన్‌లో రాస్తే యాప్ వెంటనే వివరం అడుగుతుంది. మామూలు పక్షే అయినా అంకె హద్దు దాటితే అడుగుతుంది. అక్కడ 'నేను చూశాను' అని రాస్తే ఫలితం లేదు. ఆ రికార్డును పరిశీలించే రివ్యూయర్‌కు కావలసింది: పక్కనున్న ఏ పక్షితో పోలిస్తే ఎంత పెద్దది, ముక్కు రంగు, కాళ్ల రంగు, ఎగిరినప్పుడు రెక్కలో ఏం కనిపించింది, దీనిలాగే ఉండే ఇంకో పక్షి ఎందుకు కాదు. రివ్యూయర్లు కూడా జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లే, అనుమానించడమే వాళ్ల పని. ఒప్పుకోకపోతే ఆ రికార్డు మన సొంత జాబితాలో ఉంటుంది, పబ్లిక్ మ్యాపుల్లోకి మాత్రం పోదు. జిల్లాలో ఎవరు ఎక్కువ జాతులు చూశారన్న పట్టిక ఒకటి సైటులో ఉంటుంది. దాని వెంట పడినవాళ్ల లిస్టుల్లోనే ఈ తగాదాలు ఎక్కువ. నన్నడిగితే ఆ పట్టిక లేకపోయినా ఏ నష్టమూ లేదు.

ఫొటో మసకగా ఉన్నా ఫరవాలేదు, ఆధారంగా పనికొస్తే చాలు. కూత రికార్డు చేస్తే డబ్ల్యూఏవీ ఫైలుగా ఉంచండి, ఎంపీ3గా కుదించొద్దు. కూతకు ముందూ తర్వాతా మూడేసి సెకన్లు వదిలి కత్తిరించి, శబ్దం గరిష్ఠ స్థాయిని మైనస్ 3 డెసిబెల్స్‌కు సరిచేసి ఎక్కించాలి. ఇవన్నీ కార్నెల్ వాళ్ల మెకాలే లైబ్రరీ అనే ఫొటోల, కూతల భాండారంలోకి చేరతాయి.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడులాగా, నెల్లూరు వైపు నేలపట్టులాగా పక్షులు గూళ్లు పెట్టే చోట పద్ధతి మారుతుంది. చెట్ల కిందికి పోకూడదు. తల్లి లేస్తే ఎండకు గుడ్లు చెడతాయి, కాకి వచ్చి ఎత్తుకుపోతుంది. దూరం నుంచే, నిండిన గూడు, పిల్లలున్న గూడు, పుల్లలు మోస్తున్న పక్షి అని జాతి పక్కన సంతానోత్పత్తి కోడ్ పెట్టొచ్చు. వేటకూ అమ్మకానికీ గురయ్యే కొన్ని జాతుల కచ్చితమైన చోటును ఈబర్డ్ తనంతట తానే దాచి, 20 కిలోమీటర్ల గడిగా మాత్రమే చూపిస్తుంది. మనం మాత్రం అదే ఫొటోను లొకేషన్‌తో ఫేస్‌బుక్‌లో పెడితే ఆ జాగ్రత్త అంతా వృథా.

ఇలా చేరిన సమాచారం ఊరికి తిరిగి రావాలి. హాట్‌స్పాట్ పేజీలో బార్ చార్ట్ ఉంటుంది, నెలకు నాలుగు గళ్ల చొప్పున ఏడాదికి 48 గళ్లు, ఏ వారంలో ఏ పక్షి ఎంత తరచుగా కనిపిస్తుందో చూపిస్తుంది. మన ఖాతాలోని డేటా మొత్తం సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) దించుకోవచ్చు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మా పద్ధతి ఏమిటంటే ఆ ఫైలులోంచి జాతి, నెల, గరిష్ఠ సంఖ్య ఈ మూడే తీసి ఒక పేజీకి కుదించి, ఊరివాళ్లు పిలిచే పేరు పక్కన రాసి పంచాయతీకి ఇవ్వడం. పది పేజీలిస్తే ఎవరూ చదవరు. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌కు వెళ్లేవాళ్లు పక్షుల లెక్కతోపాటు చెరువు స్థితిని గురించిన ఫారం విడిగా నింపాలి. నీటి మట్టం, గుర్రపుడెక్క, మట్టి తవ్వకాలు, చెత్త, అన్నీ అందులో అడుగుతారు. ఫిబ్రవరిలో వచ్చే నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ కొత్తవాళ్లను చేర్చుకోవడానికి మంచి అదును, 15 నిమిషాల లిస్టుతో మొదలుపెట్టించవచ్చు.

బార్ చార్టులో దాదాపు ప్రతి చెరువుకూ ఏప్రిల్ నుంచి జూన్ దాకా గళ్లు ఖాళీగానే ఉంటాయి. నీళ్లు లేవని ఎవరూ పోరు. పోవాలి. పగిలిన బురద మీద తీతువులు గుడ్లు పెట్టేది అప్పుడే, మడుగుల్లో మిగిలిన చేపల కోసం కొంగలన్నీ ఒక్కచోట చేరేదీ అప్పుడే. ఎండకు గంట నడవక్కర్లేదు. పొద్దున ఆరున్నరకు తూము పక్కన, వానాకాలంలో ఎక్కడ నిలబడ్డారో సరిగ్గా అక్కడే నిలబడి, ఇరవై నిమిషాల స్టేషనరీ లిస్టు రాయండి. రెండు కాకులూ ఒక పసుల పోలిగాడూ తప్ప ఏమీ కనిపించకపోతే ఆ మూడింటినే రాసి, పూర్తి లిస్టా అన్నదానికి అవును అని నొక్కి, లిస్టు వ్యాఖ్యలో 'చెరువు పూర్తిగా ఎండింది' అని పెట్టి పంపండి.